షెల్టర్ నుంచి కుక్కనో పిల్లినో తెచ్చుకుంటున్నారా? అరుపులు తగ్గాక వెళ్లి చూడండి

నేను మొదటిసారి జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లింది కుక్కపిల్ల కోసం. రెండు నెలలది, తెల్లనిది కావాలని మా అబ్బాయి కోరిక. ఇంటికి తెచ్చుకున్నది మాత్రం దాదాపు ఐదేళ్ల గోధుమరంగు ఆడకుక్కను. మూడో వరుసలో చివరి గదిలో, గేటుకు వీపు పెట్టి, గోడవైపు చూస్తూ కూర్చుని ఉంది. మొదటి రోజు దాని ముందు నుంచి రెండుసార్లు నడిచాను. రెండుసార్లూ దాని ముఖం కనబడలేదు. గదులు కడుగుతున్న పెద్దావిడ నీళ్ల పైపు పక్కన పెట్టి, "అరుపులు తగ్గాక రండమ్మా. మధ్యాహ్నం అన్నీ పడుకుంటాయి. అప్పుడు అది ఇటు తిరుగుతుంది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. నిజంగానే ఇటు తిరిగి పడుకుని ఉంది. ఎడమ చెవి అంచు లోపలికి చుట్టుకుపోయి అచ్చం గవ్వలా ఉంది. ఆ పేరే పెట్టుకున్నాం.

గవ్వ మా ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. అప్పటినుంచి ఆదివారాలు అదే కేంద్రానికి వెళ్లి చేతనైన పని చేస్తున్నాను. దత్తతకు వచ్చేవాళ్లనూ, తీసుకెళ్లి తిరిగి అప్పగించేవాళ్లనూ ఇద్దరినీ చూస్తున్నాను. తిరిగి అప్పగించేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చాలామంది ఏడుస్తూనే తాడు మా చేతికిస్తారు. బోను దగ్గర పది నిమిషాలు చూసి అదే ఆ జంతువు స్వభావమని నమ్మడం దగ్గరే వాళ్లు పొరబడ్డారు. అక్కడ మనకు కనిపించేది చాలావరకు భయం, అలసట, చుట్టూ వినబడే మొరుగుళ్లు. అసలు స్వభావం ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు గానీ బయటపడదు. ఎంపిక చేసుకునేటప్పుడూ, ఇంటికి తెచ్చాకా ఈ సంగతి మనసులో ఉంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

ఇష్టం లేదన్నవాళ్ల మాట ముందు వినండి. మా అత్తగారికి కుక్కలంటే భయం. చిన్నతనంలో ఒకటి కరిచిందట. ఆమెను ఒప్పించే పని పెట్టుకోకుండా, ఎలా ఉంటే భయం లేకుండా ఉండగలరో అడిగాం. "నా గదిలోకి రాకూడదు" అన్నారు. ఆ గుమ్మానికి నడుమెత్తు చెక్క తలుపు పెట్టించాం. అది ఈనాటికీ ఉంది. ఆ తలుపు బిగించాకే షెల్టర్ గడప తొక్కాం.

తరువాత ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో గంట గంటకూ రాయండి. సెలవు రోజును లెక్కలోకి తీసుకోవద్దు. ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది? పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కుక్కను నడిపించేది ఎవరు? ఊరెళ్తే ఎవరు చూసుకుంటారు? రాత్రి రెండింటికి వాంతి చేసుకుంటే లేచేది ఎవరు? "అందరం చూసుకుంటాం" అని రాయకండి. ఒక్కో పనికి ఒక్కో పేరు రాయండి. పిల్లల పేరు రాసిన ప్రతిచోటా పక్కనే ఒక పెద్దవాళ్ల పేరు కూడా ఉండాలి.

ఖర్చు రెండు భాగాలు. తిండి, ఏటా వేయించే టీకాలు, పిడుదుల మందు, నట్టల మందు, వీటిని ముందే లెక్క కట్టవచ్చు. రెండోది అనుకోకుండా వచ్చే జబ్బు. దానికోసం మొదటి నెల నుంచే కొంత విడిగా దాచండి. కుక్క 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఇంటిపట్టునే ఉండే పిల్లి 15 దాటి ఒక్కోసారి 20 దాకా వెళుతుంది. ఈరోజు తొమ్మిదేళ్లున్న మీ అబ్బాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరేనాటికి కూడా ఆ పిల్లి మీ కిటికీలోనే పడుకుని ఉంటుంది.

ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లుంటే వాళ్లను కూడా షెల్టర్‌కు తీసుకెళ్లి, నచ్చిన జంతువు దగ్గర రెండు మూడు విడతలు కూర్చోబెట్టండి. వెంట్రుకల వల్లే అలర్జీ వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జంతువు లాలాజలంలోనూ, చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రొటీన్ల వల్ల వస్తుంది. అందుకే పొట్టి వెంట్రుకలదైతే ఇబ్బంది ఉండదన్న భరోసా పెట్టుకోవద్దు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి.

ఎంత వయసుది?

మొదటిసారి పెంచుకుంటున్నవాళ్లకు నేను సూటిగా ఒకే మాట చెబుతాను: రెండేళ్లు దాటినదాన్ని తీసుకోండి. కుక్కపిల్ల పెద్దయితే ఎంత ఎత్తు ఎదుగుతుందో, ఎంత హుషారుగా ఉంటుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పెద్ద కుక్కయితే ఎదురుగానే ఉంటుంది. రెండు నెలల పిల్ల ఉచ్చ ఆపుకోగలిగేది సుమారు రెండు గంటలే. నెలకో గంట చొప్పున లెక్క వేసుకోవచ్చు. అంటే కొన్ని వారాలు మీకు నిద్ర ఉండదు. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడుతూ, ఆరేడు నెలలకు మొత్తం 42 పళ్లు వచ్చేదాకా చెప్పులు, కుర్చీ కాళ్లు, వైర్లు ఏవైనా కొరుకుతుంది. పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి పిల్లను తీసుకెళ్తామంటే నేను గట్టిగానే వద్దంటాను.

కుక్కపిల్లో పిల్లిపిల్లో కావాలంటే ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయకండి. కుక్కపిల్లలకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా, పిల్లిపిల్లలకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా లోకం మీద నమ్మకం కుదిరే కాలం. ఆ రోజుల్లో మనుషుల చేతుల్లో మెలిగిందా, ఎవరూ ముట్టకుండా పెరిగిందా అన్నది తెలుసుకోండి. ఏ రంగుదన్న దానికంటే అది ఎంతో ముఖ్యం.

పెద్ద కుక్క మనతో కలవదేమోనన్న దిగులు చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. గవ్వ కథ కింద చెబుతాను. షెల్టర్‌లో జంటగా పెరిగి, ఒకటి కనబడకపోతే రెండోది తిండి మానేసేవి కూడా కొన్ని ఉంటాయి. అలాంటివాటిని విడదీయమని అడగవద్దు. రెండింటినీ తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి, లేదంటే వేరే జంతువును చూసుకోండి.

బోను ముందు నిలబడినప్పుడు

ఒక్కసారి చూసి నిర్ణయం తీసుకోకండి. ఒకసారి జనం ఉన్నప్పుడు, ఒకసారి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, కనీసం రెండు రోజులు వెళ్లండి. గదులు కడిగే సమయం, తిండి పెట్టే సమయం అడిగి తెలుసుకుని, ఆ రెండూ ముగిశాక వెళితే మంచిది.

వెళ్లాక బోనుకు ఎదురుగా నిలబడి తేరిపార చూడకండి. కుక్కకు అది బెదిరింపులా తోస్తుంది. పక్కకు తిరిగి నేలమీద కూర్చోండి. చెయ్యి లోపలికి పెట్టకండి. కాసేపు దాని గొడవే పట్టనట్టు ఉండండి. దగ్గరికి వచ్చి వాసన చూస్తుందా, వెనకే ఉండి మెడ చాచి చూస్తుందా, మొరిగి ఆపుతుందా, ఆపకుండా మొరుగుతుందా గమనించండి. నిద్రమత్తు లేకుండానే ఆవలించడం, మాటిమాటికీ పెదవులు నాక్కోవడం, తల తిప్పుకుని ఓరకంటితో చూస్తూ కంటి తెల్లగుడ్డు కనబడటం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పే గుర్తులు. అవి ఉన్నంత మాత్రాన అది చెడ్డ కుక్క కాదు. మీరు ఇంకా నెమ్మదిగా దగ్గర కావాలని అర్థం.

తోక విషయంలో చాలామంది పొరబడతారు. ఊపే తోకంతా సంతోషం కాదు. నడుము కూడా కదిలేలా వదులుగా ఊపితే స్నేహం. ఒళ్లంతా బిగదీసుకుని, తోక నిట్టనిలువుగా లేపి, కొస మాత్రం వేగంగా ఆడిస్తుంటే అప్పుడు చెయ్యి చాపకండి.

తరువాత, దాన్ని బోను నుంచి బయటికి తెచ్చి ఆరుబయట చూపించమని అడగండి. గదిలో ఎగిరెగిరి గేటును తన్నిన కుక్క ఆవరణలోకి రాగానే గడ్డి వాసన చూసుకుంటూ కుదురుగా నడవడం ఎన్నోసార్లు చూశాను. తాడు మీరే పట్టుకుని నడవండి. ఒక తాళంచెవి కింద పడేయండి. ఉలిక్కిపడటం సహజమే. ఉలిక్కిపడ్డాక ఎంతసేపటికి తేరుకుంటుందన్నదే మీరు చూడవలసింది. గవ్వకు మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. గడియారం చూశాను కాబట్టే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. రెండో రోజు అదే శబ్దానికి నిమిషంలో తేరుకుంది. ఆ తేడా చూసే ధైర్యం చేశాను.

పిల్లుల సంగతి వేరు. షెల్టర్‌లో పిల్లి గంపలో ముడుచుకుని పడుకుంటే మొండిదనో, జబ్బుదనో కొట్టిపారేయకండి. కొత్తచోట దాక్కోవడమే పిల్లికి తెలిసిన రక్షణ. ఒక వేలు దాని ముక్కు ఎత్తున, కాస్త దూరంగా పెట్టి ఆగండి. బుగ్గ రుద్దితే మీరు ఇంకొంచెం దగ్గర కావచ్చు. కళ్లు సగం మూసి, నెమ్మదిగా రెప్పలార్చి చూడండి. ఇలా చేసినవాళ్ల దగ్గరికి పిల్లులు రావడానికి ఎక్కువగా ఇష్టపడ్డాయని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో రాశారు. మా కేంద్రంలో పిల్లుల గదికి వెళ్లేవాళ్లందరికీ నేను ముందుగా నేర్పేది ఇదే.

గదులు కడిగేవాళ్లను అడగండి

కార్యాలయంలో ఉన్నవాళ్లు చెప్పే వివరాలు అవసరమే. టీకా తేదీలు, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ దొరికింది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. కానీ ఆ జంతువును రోజుకు రెండుసార్లు దగ్గర నుంచి చూసేది గదులు కడిగేవాళ్లు, తిండి పెట్టేవాళ్లు. గిన్నె తీస్తుంటే గుర్రుమంటుందా? పక్కగది కుక్కను చూసి ఏం చేస్తుంది? మగవాళ్లను చూస్తే వెనక్కి తగ్గుతుందా? చీపురు ఎత్తితే పడుకుండిపోతుందా? ఇవి వాళ్లకే తెలుసు. గవ్వకు గొడుగంటే భయమని నాకు చెప్పింది ఆ పెద్దావిడే. ఏ కాగితం మీదా ఆ మాట లేదు. తొలి వానకు నేను గుమ్మం బయటే గొడుగు ముడిచి లోపలికి వచ్చాను.

తప్పకుండా అడగవలసినవి ఇంకొన్ని. ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా? కరిస్తే ఏ సందర్భంలో? పిల్లలతో, పిల్లులతో ఉన్న అనుభవం ఏమిటి? పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా? ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు? ఇంతకుముందు ఎవరైనా తీసుకెళ్లి తిరిగి ఇచ్చారా, ఎందుకు? తిరిగి వచ్చిందని వినగానే వెనక్కి తగ్గకండి. "పగలంతా ఒక్కటే ఉండి మొరిగింది" అన్నది మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేట్టయితే సమస్యే కాకపోవచ్చు.

ఆరోగ్యం

మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. కళ్లు, ముక్కు పుసి, చీమిడి లేకుండా శుభ్రంగా ఉండాలి. చెవిలోంచి చెడువాసన రాకూడదు. చిగుళ్లు తడిగా, గులాబీరంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పుట్టుకతోనే నల్లని చిగుళ్లున్న కుక్కలకు కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. పక్కటెముకలు చేతికి తగలాలి, దూరం నుంచి లెక్కపెట్టేట్టు ఉండకూడదు. ఒళ్లంతా బక్కచిక్కి పొట్ట ఒక్కటే ఉబ్బి ఉన్న పిల్లకు తరచుగా నట్టలే కారణం.

చూడగానే తెలియనివే అసలు ప్రమాదం. వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ సోకిన కుక్క సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు మామూలుగానే కనిపిస్తుంది. ఊపిరితిత్తులనూ నరాలనూ దెబ్బతీసే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అయితే లక్షణాలు బయటపడటానికి వారం నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. అందుకని షెల్టర్‌లో చలాకీగా ఉన్నది మీ ఇంటికి వచ్చిన అయిదో రోజున వాంతులు మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ముందే కుక్కో పిల్లో ఉంటే, కొత్తదాన్ని కనీసం రెండు వారాలు విడిగా ఒక గదిలో ఉంచండి. గిన్నెలు వేరు, పక్కబట్ట వేరు, ఒకదాని దగ్గర నుంచి ఇంకొకదాని దగ్గరికి వెళ్లేముందు చేతులు కడుక్కోవాలి. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు. గతంలో మీ ఇంట్లో ఏ కుక్కయినా ఆ జబ్బుతో పోయి ఉంటే, టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కనే తెచ్చుకోండి.

కుక్కపిల్లలకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు, తిరిగి ఏడాదికి. మొదటి టీకా పడింది కదా అని పిల్లను వీధి కుక్కల మధ్య తిప్పకండి. పిల్లి అయితే ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్), లుకేమియా వైరస్ పరీక్షలు జరిగాయో లేదో అడగండి. ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లి ఇంట్లోనే ఉంటూ చాలా ఏళ్లు బాగా బతకగలదు. ఆ జబ్బు మనుషులకు రాదు.

షెల్టర్ ఏం చెప్పినా, తెచ్చిన వారంలోపు మీకు దగ్గరలోని పశువైద్యుడికి చూపించి, ఆ కాగితాలన్నీ ఆయనకు ఇవ్వండి. ఎప్పుడైనా పన్ను దిగినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా ఆ చోట సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు దాదాపు చికిత్స లేదు. సకాలంలో వేసిన టీకాతో దాన్ని పూర్తిగా ఆపవచ్చు.

కాగితాలు

దరఖాస్తులో వాళ్లు మీ గురించి చాలా అడుగుతారు. కొందరు ఇల్లు చూడటానికి వస్తారు. నొచ్చుకోకండి. ఒకసారి దెబ్బతిన్న ప్రాణాన్ని మళ్లీ అలాంటిచోటికి పంపకూడదన్నదే వాళ్ల జాగ్రత్త. ఉన్నది ఉన్నట్టు రాయండి. రోజుకు తొమ్మిది గంటలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే అదే రాయండి, దానికి తగిన జంతువును వాళ్లే చూపిస్తారు. ఒప్పందంలో రెండు షరతులు చూసుకోండి: ఆపరేషన్ ఎప్పటిలోగా చేయించాలి, పెంచలేకపోతే ఎవరికి అప్పగించాలి. చర్మం కింద మైక్రోచిప్ (గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న చిప్) వేసి ఉంటే దాని 15 అంకెల సంఖ్యను మీ పేరు, మీ ఫోను నంబరుతో నమోదు చేయించండి. చిప్ మీద స్కానర్ పెడితే సంఖ్య కనిపిస్తుంది, అంతే. జంతువు ఎక్కడుందో అది చెప్పదు.

తలుపు దగ్గర

ఇంటికి తెచ్చే రోజుకు ముందురోజే అన్నీ సిద్ధంగా ఉండాలి. పిల్లికి గట్టి బుట్ట, పైన కప్పడానికి గుడ్డ. కుక్కకు మెడపట్టీతోపాటు ఛాతీ పట్టీ కూడా. మెడపట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, మూడో వేలు పట్టకూడదు. ఫోను నంబరున్న బిళ్ల షెల్టర్ గేటు దాటకముందే కట్టాలి. దారిలో ఎక్కడా ఆగవద్దు, ఎవరికీ చూపించవద్దు, నేరుగా ఇంటికే రండి. అది పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, ఉతకకండి.

ఈ ఛాతీ పట్టీ సంగతి నాకు తెలిసిన తీరు చెప్పాలి. గవ్వ వచ్చిన మూడో రోజు సాయంత్రం గేటు దగ్గర ఉన్నాం. వీధిలో ఒక మోటారుసైకిలు పెద్దగా పేలినట్టు శబ్దం చేసింది. గవ్వ వెనక్కి గుంజింది. మెడపట్టీ చెవుల మీదుగా జారి నా చేతిలోనే మిగిలిపోయింది. పేరు పెట్టి అరుస్తూ వెంట పరుగెత్తాను. మూడు రోజుల కుక్కకు ఆ పేరు తనదని తెలియదు. వెనకాల ఎవరో తరుముతున్నారన్నదొక్కటే దానికి తెలుసు. నేను పరుగెత్తినకొద్దీ అది దూరమైంది.

షెల్టర్‌కు ఫోన్ చేశాను. ఆ పెద్దావిడ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "ఎవరూ వెతుక్కుంటూ అరవకండి. దాని గుడ్డ, గిన్నె తీసుకెళ్లి ఆఖరున కనబడ్డచోట పెట్టండి. మీరొక్కరే కూర్చోండి. పిలవకండి." రెండో రాత్రి తెల్లవారుజామున, కడుతున్న ఇంటి దగ్గర పేర్చి ఉన్న గొట్టాల మధ్య నుంచి వచ్చింది. నేను నేలమీద పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాను. మొదట గుడ్డ వాసన చూసింది. తరువాత నా మోకాలి దగ్గర గడ్డం ఆనించి పడుకుంది. కాళ్లు వణుకుతున్నాయి, ఒంటి నిండా సిమెంటు పొడి. ఛాతీ పట్టీ తొడిగేదాకా నేను గట్టిగా ఊపిరి కూడా తీయలేదు.

ఆ రెండు రాత్రులు ఎవరికీ రాకూడదు. మొదటి నెల రెండు పట్టీలూ, రెండు తాళ్లూ వాడండి. వీధి తలుపు తీసేముందు లోపలి తలుపు మూసి ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో అందరికీ, వచ్చిపోయేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పండి. ఎప్పుడైనా తప్పించుకుంటే వెంటపడకండి, కూర్చోండి.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

జంతువులను చూసుకునేవాళ్లందరూ చెప్పే కొలత ఇది. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లనుకోవడం. కొన్నింటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

మొదటి రోజుల్లో ఏమీ చేయకపోవడమే పెద్ద పని. చుట్టాలను పిలవకండి. స్నానం చేయించకండి, ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే పది పద్నాలుగు రోజులు పుండు తడపకూడదు, నాకనివ్వకూడదు. ఒక మూల దానికి వదిలేయండి. షెల్టర్‌లో తిన్న తిండే కొన్ని రోజులు పెట్టి, తరువాత వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. పెద్ద కుక్క మొదటి రోజు తినకపోతే కంగారు పడక్కర్లేదు. పిల్లి మాత్రం పూర్తిగా ఒక రోజు దాటి తినకపోతే డాక్టరుకు చూపించండి, దాని కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. కుక్కపిల్లలు, పిల్లిపిల్లల విషయంలో ఒక పూట తప్పినా, విరేచనాలయినా ఆగవద్దు.

పిల్లికి మొదట ఒకే గది ఇవ్వండి. తిండి ఒక మూల, మట్టి ట్రే దానికి దూరంగా ఇంకో మూల, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. గది నుంచి అదే బయటికి వస్తుంది, మీరు లాక్కురావద్దు. కుక్కయితే నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత బయటికి తీసుకెళ్లి, అక్కడ పని ముగించగానే మెచ్చుకోండి. లోపల చేస్తే మాట్లాడకుండా తుడవండి. కేకలేస్తే, మీ కంటపడకుండా సోఫా వెనకాల చేయడం నేర్చుకుంటుంది.

ఇంట్లో పాత కుక్క ఉంటే, రెండు వారాలు గడిచాక రెండింటినీ బయట కలపండి. ఇద్దరు మనుషులు, రెండు తాళ్లు, మధ్యలో దూరం, ఒకే దిక్కుగా నడక. పిల్లులకైతే ముందు ఒకదాని గుడ్డ ఇంకొకదానికి వాసన చూపించి, తరువాత మూసిన తలుపుకు ఇటూ అటూ గిన్నెలు పెట్టి, చివరికి ముఖాముఖి. పసిపిల్లలున్న ఇంట్లో ఒకటే నియమం: తింటున్నా పడుకున్నా దాని దగ్గరికి వెళ్లకూడదు, పెద్దవాళ్లు చూడనప్పుడు పిల్లలు దానితో ఒంటరిగా ఉండకూడదు.

చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసిన బబుల్‌గమ్ అందనివ్వకండి. పిల్లికి పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి ప్రాణం తీయగలదు. లిల్లీ పూల పుప్పొడి ఒంటిమీద పడి నాక్కున్నా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. కుక్కలకు రాసే పర్మెత్రిన్ పిడుదుల మందు పిల్లికి రాయకూడదు. ఇది తెలియక రాసి, వణుకుతున్న పిల్లిని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను.

మూడో వారం గురించి ముందే హెచ్చరిస్తాను. నేను చూసినంతలో, తిరిగి అప్పగించేవాళ్లు ఎక్కువగా రెండో వారానికీ అయిదో వారానికీ మధ్య వస్తారు. "మొదట ఎంతో బుద్ధిగా ఉండేది, ఇప్పుడు మొరుగుతోంది, గిన్నె దగ్గరికి రానివ్వడం లేదు" అంటారు. మొదటి బుద్ధి బెదురు వల్ల వచ్చినది. ఇప్పుడు నోరు విప్పుతోందంటే మీ ఇంట్లో అంత మాత్రం ధైర్యం వచ్చిందన్నమాట. గిన్నె లాక్కోకండి. దూరం నుంచే దానికి ఇష్టమైనది ఒక ముక్క గిన్నెలోకి వేస్తూ వెళ్లిపోండి. మనిషి దగ్గరికి వస్తే పోగొట్టుకునేదేమీ లేదని తెలుస్తుంది. నిజంగా కరిచే దాకా వస్తే ఆలస్యం చేయకుండా శిక్షకుడి సాయం తీసుకోండి. ఒంటరిగా ఉండటం కూడా ఇలాగే నేర్పాలి. మొదట నిమిషం, తరువాత అయిదు, తరువాత అరగంట. వెళ్లేముందు వీడ్కోళ్లు వద్దు.

పారిపోయిన ఆ రెండు రాత్రులు పోను, గవ్వ మొదటి వారం చాలావరకు బట్టలు ఉతికే యంత్రం వెనకే గడిపింది. నేను రోజూ సాయంత్రం ఆ గదిలో గోడకానుకుని వార్తాపత్రిక పైకి చదివేదాన్ని. దానివైపు చూసేదాన్ని కాదు. రెండో వారం నీళ్లు తాగడానికి నేనుండగానే బయటికి వచ్చింది. అయిదో వారంలో ఒకరోజు మా అబ్బాయి బడి నుంచి రాగానే తోక రెండుసార్లు నేలకు తగిలింది. వాడు సంచి భుజాన ఉండగానే కదలకుండా నిలబడిపోయాడు. పదకొండో వారం దాకా దాని గొంతు మేం వినలేదు. ఆ రోజు గేటు దగ్గర ఎవరో తలుపు తట్టారు. గవ్వ లేచి ఒకే ఒక్కసారి మొరిగి, తన గొంతుకు తానే ఆశ్చర్యపోయినట్టు మావైపు తిరిగి చూసింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా అత్తగారు, తన గదిలో నుంచి, ఆ చెక్క తలుపు అవతల నిలబడి.

కుదరకపోతే

అన్నీ చేశాక కూడా ఒక్కోసారి కుదరదు. మీ పిల్లికి కొత్త కుక్క ప్రాణగండమైతే, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ముదిరితే, దాచిపెట్టకుండా షెల్టర్‌కే చెప్పండి. దాన్ని తెలియనివాళ్ల చేతుల్లో పెట్టడం, వీధిలో వదలడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. తీసుకెళ్లేటప్పుడు అది ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఎక్కడ నిమిరితే కళ్లు మూసుకుంటుంది అన్నవి ఒక కాగితం మీద రాసివ్వండి. తరువాత వచ్చేవాళ్లకు అంతకంటే పనికివచ్చేది ఇంకొకటి లేదు.

కుదిరినా కబురు చెప్పండి. నాలుగో నెలలో నేను గవ్వ ఫొటో తీసుకుని షెల్టర్‌కు వెళ్లాను. ఆ పెద్దావిడ పైపు కట్టేసి, చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నారు. సోఫా మీద వెల్లకిలా పడుకున్న గవ్వను వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. "చెవి ఇంకా అలాగే ఉందమ్మా" అన్నారు. ఫోను నా చేతికిచ్చి, మూడో వరుస చివరి గదిలో కొత్తగా వచ్చిన నల్ల కుక్క దగ్గరికి నన్ను తీసుకెళ్లారు. అది గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.